సైకిలు ముందు చక్రం డైరీ: దెబ్బ 16వ చువ్వ దగ్గర, పగులు 31వ చువ్వ దగ్గర

మొదటి రోజు, రాత్రి

చీకట్లో గుంత కనిపించలేదు. ముందు చక్రం అందులోకి దిగి, ఎదుటి అంచును ఢీకొట్టి పైకి లేచింది. రాయికి లోహం తగిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. కాస్త ముందుకు వెళ్లేసరికి టైరులో గాలి లేదు.

సైకిలును ఇంటిదాకా నడిపించుకుని వచ్చి ట్యూబు బయటికి తీశాను. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, మధ్య దూరం ఒక సెంటీమీటరు. మేకు దిగితే సాధారణంగా ఒకటే రంధ్రం ఉంటుంది, అదీ టైరు నేలను తాకే వైపు. ఇలా పాముకాటులా జంట గాట్లు పడ్డాయంటే టైరు పూర్తిగా అణిగి, గుంత అంచుకూ రిమ్ము రెండు అంచులకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. అంటే దెబ్బ నేరుగా రిమ్ముకే తగిలింది.

కొత్త ట్యూబు వేసి, గాలి కొట్టి, ఇంటి ముందే నెమ్మదిగా తొక్కి చూశాను. బ్రేకు నొక్కితే ప్రతి చుట్టులో ఒకసారి గట్టిగా పట్టి వదులుతోంది. చక్రం పైకి లేపి తిప్పితే ఒకచోట ఎడమ బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది.

నిపుల్ రెంచీ, అంటే చువ్వను రిమ్ముకు బిగించే చిన్న నట్టును తిప్పే పనిముట్టు, చేతిలోనే ఉంది. రాసుకుంటున్న చోట కుడివైపు చువ్వలను ఒక తిప్పు బిగిస్తే ఆ రాపిడి తగ్గుతుంది. అయినా ఈ రాత్రి ఒక్క నిపుల్ కూడా తిప్పను. రిమ్ము వంగిందా, చువ్వ వదులైందా, చక్రం నడిమి హబ్బు ఆడుతోందా అన్నది ముందు తేలాలి. బ్రేకు దగ్గర నిలబడి చూసేవారికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. తిప్పడం మొదలుపెడితే ఏది దేనివల్ల జరిగిందో చెప్పే ఆధారమే చెరిగిపోతుంది.

రెండో రోజు

ముందు, రిమ్ముతో సంబంధం లేని కారణాలను పక్కన పెట్టే పని. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, రిమ్మును రెండు చేతులతో పట్టుకుని ఫోర్కుకు (చక్రాన్ని పట్టి ఉంచే జంట కాళ్లకు) అడ్డంగా ఊపాను. ఇరుసు బేరింగులు వదులైతే చిన్న టకటక చేతికి తెలుస్తుంది. ఏమీ లేదు. ఇరుసు నట్లు గట్టిగానే ఉన్నాయి. చక్రం ఫోర్కు గాట్లలో పూర్తిగా దిగే ఉంది. తెగిన చువ్వ ఒక్కటీ లేదు. టైరు సరిగ్గా కూర్చోకపోయినా చక్రం ఆడినట్టే కళ్లకు కనిపిస్తుంది కాబట్టి టైరు, ట్యూబు, రిమ్ము టేపు అన్నీ తీసేశాను. ఇక మిగిలింది రిమ్ము, చువ్వలు, హబ్బు.

ఇది టైరు కూర్చునే చోట 622 మి.మీ. వ్యాసం ఉన్న రిమ్ము. అల్యూమినియం మిశ్రలోహం, 36 చువ్వలు. వాల్వు రంధ్రం పక్కనుంచి మొదలుపెట్టి ప్రతి చువ్వకూ కాగితపు టేపు ముక్క అంటించి 1 నుంచి 36 వరకు అంకెలు వేశాను. నా చక్రంలో బేసి సంఖ్యలన్నీ కుడివైపు చువ్వలు, సరి సంఖ్యలన్నీ ఎడమవి. అరగంట పట్టింది కానీ, ఈ అంకెలు లేకుండా ఏ కొలతా రాసుకోవడానికి పనికిరాదు. "ఆ మూల కొంచెం వంకర" అని రాసుకుంటే మర్నాటికి ఏ మూలో గుర్తుండదు.

కొలతకు ప్రత్యేకమైన స్టాండు నా దగ్గర లేదు. ఫోర్కు కాళ్లకు రెండు నైలాన్ టైలు బిగించి, వాటి కొసలను రిమ్ముకు దగ్గరగా కత్తిరించాను. కొసకూ రిమ్ముకూ మధ్య సందును ఫీలర్ గేజి రేకులతో (మందం ముందే తెలిసిన పలచని రేకులతో) కొలిచాను. ప్రతి చువ్వ దగ్గరా ఆపి పక్క సందు, ఎత్తు సందు విడివిడిగా రాసుకుంటూ వెళ్లాను.

మొదట అనుమానం అతుకు మీద పడింది. ఇలాంటి రిమ్ము ఒక పొడవాటి కడ్డీని గుండ్రంగా వంచి, రెండు కొసలనూ కలిపి చేసేది. ఆ అతుకు సాధారణంగా వాల్వు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అతుకు దగ్గర మెట్టు ఏర్పడితే బ్రేకు చుట్టుకొకసారి పట్టుకుంటుంది. నాకు ఎదురైన లక్షణం అదే. 18, 19 చువ్వల మధ్య గోరుతో గీసి చూశాను. సన్నని గీత తగిలింది తప్ప మెట్టు లేదు. ఉక్కు స్కేలు ఆనించి వెనకనుంచి టార్చి వేస్తే రెండు వైపులా వెలుతురు ఒకేలా వచ్చింది. అతుకుది తప్పు కాదు.

తప్పు దానికి కాస్త ఇవతల దొరికింది. 14 నుంచి 17 వరకు రిమ్ము ఎడమకు ఒరిగింది, 16 దగ్గర అత్యధికంగా 2 మి.మీ. అక్కడే టైరు కూర్చునే అంచు 1.6 మి.మీ. లోపలికి సొట్టపోయింది. వెర్నియర్ కాలిపర్‌తో రిమ్ము వెడల్పు చూస్తే అన్నిచోట్లా 24.1 మి.మీ., 16 దగ్గర మాత్రం 25.3. బ్రేకు ఎందుకు పట్టుకుంటోందో ఇక్కడ తెలిసింది. పక్కకు మాత్రమే వంగిన రిమ్ము ఒక రబ్బరుకే రాసుకుంటుంది. అంచు పైనుంచి నలిగితే గోడలు రెండు వైపులకూ ఉబ్బుతాయి, రెండు రబ్బర్లూ ఒకేసారి పట్టుకుంటాయి. నా రిమ్ముకు రెండూ జరిగాయి.

ఇంకో కొలత కూడా తీసుకున్నాను. సొట్టను టైరు వైపు అంచు దగ్గరే కాకుండా, నిపుళ్లు ఉండే లోపలి ముఖం దగ్గర కూడా చూశాను. అక్కడ 0.4 మి.మీ. మాత్రమే దిగింది. అంటే 1.6లో ఎక్కువ భాగం అంచు నలగడమే. ఈ రెండు కొలతలూ విడిగా తీయనివారు సొట్టంతటినీ చువ్వలతో బయటికి నెట్టాలని ప్రయత్నిస్తారు. చువ్వ లాగగలదే తప్ప నెట్టలేదు. నలిగిన అంచును అది ఎప్పటికీ సరిచేయలేదు.

మిగతా చక్రమంతా 0.3 మి.మీ. లోపే తిరుగుతోంది. 28 నుంచి 35 వరకు అయితే మరీ బాగుంది, 0.2 కూడా దాటలేదు. ఆ వరుస ఎదురుగా "బాగుంది" అని రాసి టిక్కు పెట్టాను.

మూడో రోజు

ఈ రోజు చువ్వలను మీటి వినడమే పని. బిగువు కొలిచే పరికరం లేకపోయినా బిగువును పోల్చవచ్చు. తీగకు వర్తించే సూత్రమే చువ్వకూ వర్తిస్తుంది. పొడవు, మందం ఒకటే అయినప్పుడు స్వరం బిగువు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. స్వరం 1.2 రెట్లు ఉంటే బిగువు 1.44 రెట్లు. ముందు చక్రంతో మరో సౌకర్యం ఉంది. నా బ్రేకులు రిమ్ము మీద పట్టేవి, హబ్బులో డిస్కు లేదు. అందువల్ల రెండు వైపుల చువ్వలూ ఒకే పొడవు, ఒకే బిగువు ఉండాలి. వెనక చక్రమైతే గేర్ల వైపు చువ్వలు బాగా బిగువుగా, రెండోవైపువి వదులుగా ఉంటాయి, ఏ వైపును ఆ వైపే పోల్చాలి.

ఫోనులో స్వరం కొలిచే యాప్ తెరిచి, ప్రతి చువ్వనూ రిమ్ముకు దగ్గరగా ఒకే దూరంలో గోటితో మీటాను. ఎక్కడ మీటుతున్నామన్నది ముఖ్యం. ఈ చక్రంలో చువ్వలు హబ్బు నుంచి సూటిగా కాకుండా ఏటవాలుగా బయలుదేరి ఒకదాన్నొకటి దాటుతాయి. జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్న అమరికే ఇది. దాటే చోట రెండు చువ్వలు తాకుతుంటాయి కాబట్టి ఆ స్థానానికీ రిమ్ముకూ మధ్య భాగమే మోగుతుంది. ప్రతి చువ్వనూ మూడుసార్లు మీటి, మధ్య విలువ రాసుకున్నాను. తర్వాత మొత్తం వరుసలో నడిమి విలువను 1 అనుకుని మిగతావన్నీ దాని నిష్పత్తిగా మార్చాను.

16 అసలు మోగలేదు, డబ్బామూతలా చప్పుడు చేసింది. 14ది కూడా అదే తీరు. కుడివైపు 15 మాత్రం 0.78. వర్గం చేస్తే మామూలు బిగువులో 60 శాతం. ఇది నిన్నటి కొలతలతో కలుస్తుందా అని లెక్క వేసి చూశాను. 2 మి.మీ. మందం, 290 మి.మీ. పొడవు ఉన్న ఉక్కు చువ్వ 100 కిలోల లాగుడుకు సాగేది అర మిల్లీమీటరు కన్నా తక్కువ. అంత చిన్న సాగుడు మీదే చక్రం మొత్తం నిలబడి ఉంటుంది. రిమ్ము 0.4 మి.మీ. లోపలికి దిగితే ఆ సాగుడు దాదాపు పోయినట్టే. పైగా రిమ్ము ఎడమకు ఒరిగింది కాబట్టి ఎడమ చువ్వలు ఇంకా వదులై, కుడి చువ్వ కొంత తిరిగి బిగిసింది. లెక్కా చెవీ కలిశాయి. గుంత చేసిన నష్టం ఇంతే, అది 14 నుంచి 17 మధ్యే ఉంది అని తృప్తిగా రాసుకున్నాను.

మిగతావి ఊరికే పూర్తి చేద్దామని మీటుకుంటూ వెళితే 31 దగ్గర చెయ్యి ఆగిపోయింది. చుట్టుపక్కల చువ్వలకన్నా స్పష్టంగా హెచ్చు స్వరం. 1.22. బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు. 32 మీటితే మందంగా, 0.7. సగం బిగువు. 33 మళ్లీ హెచ్చు, 1.18. నిన్న "బాగుంది" అని టిక్కు పెట్టిన వరుస ఇదే. చక్రంలో అన్నిటికన్నా తిన్నగా తిరుగుతున్న చోటు.

టిక్కు కొట్టేశాను. పక్క వంకర కొలిస్తే రిమ్ము ఇప్పుడు ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని వదిలేస్తే ఎటు పోతుందో చెప్పేది చువ్వల బిగువు. కుడి చువ్వలు రెండూ అంత గట్టిగా లాగుతున్నా, ఎడమ చువ్వ వదులుగా ఉన్నా, రిమ్ము నడిమధ్యన నిలబడిందంటే, అది తనంతట తాను ఎడమకు పోవాలని చూస్తోంది. ఇద్దరు పట్టుకుంటే తిన్నగా నిలబడిన మనిషిని చూసి ఆరోగ్యంగా ఉన్నాడని అనలేం.

నాలుగో రోజు

సైకిలు నాకన్నా ముందు అక్కది. ఉదయమే ఫోను చేశాను.

"అక్కా, ఈ సైకిలు ముందు చక్రానికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"తగిలింది. నీకివ్వడానికి ముందు ఒకసారి కాలిబాట అంచును గుద్దాను. చక్రం బ్రేకుకు రాసుకుంటుంటే సరిచేయించాను. తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు, అందుకే నీకు చెప్పాలని కూడా తోచలేదు. ఎందుకు?"

చెప్పాను. కాసేపు ఆగి, "నువ్వు ఇన్నాళ్లూ దాని మీదే తొక్కావా?" అంది. గొంతులో కంగారు వినిపించింది. తప్పు తనది కాదని చెప్పాను. సరిచేసినవారిదని కూడా అనుకోవడం లేదు. కొద్దిపాటి వంకరను చువ్వల బిగువు తేడాతో సర్దడం మంచి పనివాళ్లు కూడా చేసేదే. అయితే ఆ తేడా ఎంత ఉందో ఎక్కడో రాసి ఉండాలి, మధ్యమధ్యలో చూస్తుండాలి. నేనూ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీటి చూడలేదు.

అంత బిగువు మోస్తున్న చువ్వ రంధ్రం చుట్టూ లోహం ఎలా ఉందో చూడాలి. సైకిలు కదిలేటప్పుడు నేలను తాకే చోట రిమ్ము కొద్దిగా అణిగి, అక్కడి చువ్వల బిగువు క్షణకాలం తగ్గి, చక్రం ముందుకు తిరిగాక మళ్లీ వస్తుంది. చుట్టుకొకసారి ప్రతి రంధ్రం ఇలా లాగి వదిలిన దెబ్బ తింటుంది. 622 రిమ్ముకు టైరు వేస్తే చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, కాబట్టి కిలోమీటరుకు 470కి పైగా దెబ్బలు. ఎక్కువ బిగువు మీద ఉన్న రంధ్రం దగ్గర అలసట పగుళ్లు ముందుగా వస్తాయి.

31 చుట్టూ మురికిని స్పిరిటు దూదితో తుడిచి, టార్చిని రిమ్ముకు దాదాపు ఆనించి పక్కనుంచి వేశాను. వెంట్రుకలాంటి గీత కనిపించింది. గీత గీతే కావచ్చు, పగులే కానక్కర్లేదు. దూది పోగును దాని మీదుగా లాగితే చిక్కుకోలేదు. అందుకని సిరా పరీక్ష చేశాను. రంధ్రం చుట్టూ నల్ల మార్కరు దట్టంగా పూసి, ఆరకముందే మరో పూత వేసి, పది నిమిషాలు ఆగాను. స్పిరిటు తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, సుద్దపొడి పలచగా చల్లాను. పైపై గీతలైతే సిరా మొత్తం గుడ్డకు వచ్చేస్తుంది. పగులైతే లోపల చేరిన సిరా నెమ్మదిగా ఊరి తెల్లటి పొడి మీద కనిపిస్తుంది.

మూడు నిమిషాల తర్వాత రంధ్రం అంచు నుంచి రిమ్ము పొడవునా రెండు వైపులకూ సన్నని నల్లని చార తేలింది. మొత్తం 7 మి.మీ. 33 దగ్గర ఇంకో చార, 3 మి.మీ. గుంత దెబ్బ తిన్న 14, 15, 16 రంధ్రాల దగ్గర ఏమీ లేదు.

ఇక ఈ రిమ్ము రోడ్డెక్కదు. చువ్వ రంధ్రం దగ్గర పగిలిన అల్యూమినియం రిమ్మును అతికించడం, వెల్డు చేయించడం, ఆ చువ్వ వదులు చేసి సరిపెట్టుకోవడం ఏదీ నాకు సమ్మతం కాదు. ముందు చక్రం విరిగితే తొక్కేవారు ముఖం మీద పడతారు.

అయిదో రోజు

పారేసే ముందు దాని సొంత ఆకారం చూడాలి. అన్ని నిపుళ్లూ ఒక్కో చుట్టులో అర తిప్పు చొప్పున వదులు చేస్తూ వచ్చాను. ఒకేచోట పూర్తిగా వదిలేస్తే మిగతా చువ్వలు రిమ్మును గుర్రపు జీనులా మెలితిప్పేస్తాయి, అప్పుడు పాత వంకర ఏదో కొత్తది ఏదో తెలియదు. అంగుళానికి 56 మరలు ఉండే చువ్వ ఇది. ఒక పూర్తి తిప్పుకు నిపుల్ కదిలేది 0.45 మి.మీ. మూడో చుట్టు అయ్యేసరికి అనుకున్నట్టే 32 దగ్గర రిమ్ము ఎడమకు జరగడం మొదలైంది. చువ్వలన్నీ తీసేసి, రిమ్మును గాజు బల్ల మీద పరిచాను. 32 దగ్గర 2.5 మి.మీ., 16 దగ్గర 2.3 మి.మీ. తేడా. పాత వంకరే పెద్దది. మూడు రోజుల క్రితం చక్రంలో దాని ఆనవాలు కూడా లేదు.

ఆరో రోజు

ఎలాగూ పోయే రిమ్ము కాబట్టి రెండు ప్రయోగాలు చేశాను.

మొదటిది అంచు సొట్ట. అడ్జస్టబుల్ రెంచీకి తోలు ముక్క చుట్టి, 16 దగ్గర ఉబ్బిన గోడను కొంచెం కొంచెంగా వెనక్కి వంచాను. 25.3 నుంచి 24.3కు వచ్చింది. చేతితో తడిమితే సొట్ట ఉన్నట్టే తెలియదు. అదే సిరా పరీక్ష అంచు లోపలి మడతలో చేస్తే నాలుగు చిన్న చారలు తేలాయి. వంచక ముందు ఇదే చోట పరీక్షించాను, అప్పుడు ఒక్కటీ లేదు. ఉక్కు రిమ్ము ఇలాంటి వంపును చాలావరకు ఓర్చుకుంటుంది. అల్యూమినియం మిశ్రలోహం ఒకసారి వంగినచోట గట్టిపడి పెళుసుబారుతుంది, తిరిగి వంచితే పగుళ్లు మొదలవుతాయి. ఆ అంచు మోసే బరువూ తక్కువేమీ కాదు. 32 మి.మీ. టైరులో 5 బార్ గాలి ఉంటే టైరు గుడ్డ రిమ్ము అంచును మిల్లీమీటరుకు సుమారు 8 న్యూటన్లతో లాగుతుంది. 10 సెం.మీ. పొడవుకు లెక్కేస్తే దాదాపు 80 కిలోలు. అందుకే సొట్ట తీసి నునుపుగా కనిపించే అంచును నేను నమ్మను.

రెండోది బ్రేకు గోడల మందం. ఇన్నేళ్ల బ్రేకులకు రెండు గోడలూ పళ్లెంలా లోపలికి అరిగాయి. అంచు మడత అడ్డం రావడంతో కాలిపర్ కొసలు సన్నని చోటికి చేరవు. 1/8 అంగుళం, అంటే 3.175 మి.మీ. బేరింగు గోళీలు రెండు తీసుకుని, గ్రీజుతో గోడకు లోపల ఒకటి, బయట ఒకటి ఎదురెదురుగా అంటించి, వాటి మీదుగా కొలిచాను. వచ్చిన దాంట్లోంచి 6.35 తీసేస్తే గోడ మందం. కుడి 0.95, ఎడమ 1.10. ఈ పద్ధతి ఎంత నిజం చెబుతుందో తెలుసుకోవాలని అదే చోట హాక్సాతో కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి నేరుగా కొలిచాను. కుడి 0.92, ఎడమ 1.08. ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు. కోయకుండానే నమ్మదగిన కొలత చేతికి దొరికింది, వెనక చక్రానికీ ఇదే వాడతాను. 1 మి.మీ. కిందికి వచ్చిన గోడ మార్చదగినదే. అంటే గుంత లేకపోయినా, పగులు లేకపోయినా ఈ రిమ్ము చివరి రోజుల్లోనే ఉంది.

పన్నెండో రోజు

కొత్త రిమ్ము వచ్చింది. చువ్వ ఎక్కించక ముందే గాజు బల్ల మీద పరిచి చూశాను, తేడా 0.3 మి.మీ. గోళీలతో గోడలు కొలిస్తే రెండూ 1.6. నిపుళ్లు కూర్చునే చోట వ్యాసం పాతదానితో సరిపోయింది కాబట్టి పాత చువ్వలే వాడాను. 14, 15, 16, 31, 32, 33 మాత్రం కొత్తవి వేశాను. చాలాకాలం తప్పుడు బిగువు మీద ఉన్న చువ్వను, ఒక్కసారిగా వదులైన చువ్వను మళ్లీ నమ్మాలనిపించలేదు.

బిగించడం రెండు సాయంత్రాలు పట్టింది. ఈసారి ముందు చెవితో సమం చేసి, తర్వాతే కంటితో పక్క వంకర తీశాను. చివరికి పక్కకు 0.3, ఎత్తుకు 0.4 మి.మీ. స్వరాలన్నీ 0.95, 1.05 మధ్య.

ఇరవయ్యో రోజు

80 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ మీటాను. 7, 22 కొంచెం దిగాయి, పావు తిప్పు చొప్పున బిగించాను. 31 స్వరం 1.01. గోడ మందం, 36 చువ్వల నిష్పత్తులు, తేదీ ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి అక్కకు పంపాను. వచ్చే ఆదివారం తన ఇప్పటి సైకిలు తీసుకుని వస్తానంది. రెండు చక్రాలూ మీటి చూడాలట.